పదిహేను రోజుల జీతానికి కొత్త పని రాదు

సంపాదకులకు నమస్కారం.

ఫ్యాక్టరీ మూతపడిన వార్త ఎప్పుడు వచ్చినా అందులో రెండే అంకెలుంటాయి. ఎంతమందిని తీసేశారు, ఎంత పరిహారం ఇచ్చారు. మూడో అంకె, అంటే ఆర్నెల్ల తర్వాత వాళ్లలో ఎంతమంది మళ్లీ జీతం అందుకుంటున్నారన్నది, పత్రికల్లో రాదు. ఆ అంకె ప్రభుత్వం దగ్గరా ఉండదు కాబట్టి తప్పు పత్రికలది కాదు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన ఇండస్ట్రియల్ రిలేషన్స్ కోడ్ అనే కార్మిక చట్టంలో 'వర్కర్ రీస్కిల్లింగ్ ఫండ్', అంటే కార్మికులకు మళ్లీ పని నేర్పే నిధి, అనే మాట కనిపించగానే, ఇక ఉద్యోగం పోయినవాళ్లకు ప్రభుత్వమే కొత్త పని నేర్పిస్తుందని చాలామంది అనుకుంటున్నారు. చట్టంలో రాసింది అది కాదు. అదేమిటో, దాన్ని నిజంగా పనికొచ్చేలా చేయాలంటే రాష్ట్ర ప్రభుత్వాలు ఏం చేయాలో చెప్పడానికే ఈ లేఖ.

కోడ్‌లోని 83వ సెక్షన్ చెప్పేది ఇది. ఒక కార్మికుడిని రిట్రెంచ్ చేస్తే, అంటే పనిలోంచి పూర్తిగా తీసేస్తే, అతను చివరగా తీసుకున్న వేతనం లెక్కన 15 రోజుల జీతాన్ని యజమాని ఈ నిధికి కట్టాలి. ఆ 15 రోజుల జీతాన్నే 45 రోజుల్లోపు ఆ కార్మికుడి ఖాతాలో వేయాలి. అంతే. నెలకు 18,000 వచ్చే మనిషికి రోజుకు 600 చొప్పున 9,000 రూపాయలు యజమాని నుంచి వస్తాయి, 9,000 కార్మికుడికి వెళ్తాయి. మధ్యలో నిధిలో మిగిలేది సున్నా. ఇన్‌స్ట్రక్టర్‌కు జీతం, మెషీన్‌కు కరెంటు, పరీక్ష ఫీజు, బస్సు చార్జీ ఎక్కణ్నుంచి వస్తాయి? రావు. పేరుకు రీస్కిల్లింగ్, తీరుకు ఇంకో చిన్న పరిహారం. ఆ 9,000 మంచిదే, అద్దెకో, బడి ఫీజుకో అక్కరకొస్తుంది. కానీ దాన్ని శిక్షణ అనకూడదు.

ఇదే సెక్షన్‌లో ఎవరూ పెద్దగా పట్టించుకోని ఇంకో వాక్యం ఉంది. యజమాని వాటాతో పాటు, సంబంధిత ప్రభుత్వం నియమాల్లో చెప్పిన ఇతర మార్గాల నుంచి కూడా ఈ నిధికి డబ్బు రావచ్చు. ప్రైవేటు ఫ్యాక్టరీల్లో అత్యధిక భాగానికి ఆ సంబంధిత ప్రభుత్వం రాష్ట్ర ప్రభుత్వమే. అంటే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ తలుచుకుంటే ఈ ఖాళీ గిన్నెలో నిజంగా ఏదైనా పోయగలవు. తలుపు తెరిచే ఉంది, లోపలికి ఏం పంపాలన్నదే ప్రశ్న.

అంతకంటే ముందు, ఈ నిధి ఎవరికి అందదో చూడాలి. చట్టం 'రిట్రెంచ్‌మెంట్‌కు మాత్రమే' అని గీత గీసింది. మనం మామూలుగా లే-ఆఫ్ అనేదాన్నీ, చట్టం లే-ఆఫ్ అనేదాన్నీ కలపకూడదు. చట్టం దృష్టిలో లే-ఆఫ్ అంటే బొగ్గు లేకో, ముడిసరుకు రాకో, మెషీన్ చెడిపోయో కొన్నాళ్లు పని ఇవ్వలేకపోవడం. పేరు మస్టర్ రోల్స్‌లోనే ఉంటుంది, అర్హత ఉన్నవాళ్లకు సగం జీతం ఇవ్వాలి. పూర్తిగా తీసేయడం రిట్రెంచ్‌మెంట్. ఫిక్స్‌డ్ టర్మ్ కాంట్రాక్టు గడువు ముగిసి బయటికొచ్చినవాళ్లు ఇందులోకి రారు. సూపర్‌వైజర్‌గా నెలకు 18,000 దాటి తీసుకునేవాళ్లు అసలు 'వర్కర్' నిర్వచనంలోనే లేరు. అందరికంటే ఎక్కువగా నష్టపోయేది రాజీనామా రాసిచ్చినవాళ్లు. మధ్యాహ్నం మూడింటికి మీటింగ్ రూమ్‌కు పిలిచి, 'మీరే రిజైన్ చేసినట్టు రాయండి, రిలీవింగ్ లెటర్ క్లీన్‌గా ఇస్తాం' అంటారు. ఐటీ ఆఫీసుల్లో ఇది రోజూ వినే మాట, ఫ్యాక్టరీల్లో కూడా తక్కువేం కాదు. ఆ కాగితం మీద సంతకం పడగానే నెల నోటీసు, ఏడాదికి 15 రోజుల చొప్పున పరిహారం, ఈ నిధి, ఏడాదిలోపు అదే సంస్థ మళ్లీ మనుషుల్ని తీసుకుంటే ముందు తమను పిలవాలనే హక్కు, అన్నీ ఒకేసారి చేజారతాయి. పని చేసిన కాలం ఎనిమిదేళ్లు, జీతం 18,000 అయితే ఒక్క పరిహారమే 72,000.

లెక్కల పుస్తకాల్లోనూ ఈ తేడా కనిపించదు. పీఎఫ్ రికార్డులో ఉద్యోగం మానేసిన కారణాల పట్టికలో పదవీ విరమణ ఉంది, మరణం ఉంది, శాశ్వత వైకల్యం ఉంది. మిగతా అందరూ 'సెసేషన్', అంటే పని ఆగిపోవడం, కిందికి వస్తారు. మెరుగైన ఉద్యోగం దొరికి వెళ్లినవాడూ, గేటు బయటికి నెట్టించుకున్నవాడూ ఆ పట్టికలో ఒక్కటే. కార్మికుల బీమా సంస్థ ఈఎస్‌ఐ నెలవారీ చందా పట్టికలో మాత్రం రిట్రెంచ్‌మెంట్‌కు విడిగా ఒక కోడ్ ఉంది. కానీ దాన్ని నొక్కితే ప్రశ్నలు వస్తాయి కాబట్టి పేరోల్ గుమాస్తా 'లెఫ్ట్ సర్వీస్' ఎంచుకుని ముందుకు పోతాడు. రాష్ట్రంలో ఈ ఏడాది ఎంతమందిని తీసేశారో ఎవరూ సరిగా చెప్పలేకపోవడానికి కారణాల్లో ఇదొకటి. రోగమెందరికో తెలియకుండా మందుల బడ్జెట్ ఎలా వేస్తారు?

ప్రభుత్వ సొమ్ముతో మళ్లీ పని నేర్పించే ప్రయత్నం మనకు కొత్త కాదు. 1991 పారిశ్రామిక విధానం తర్వాత, 1992 ఫిబ్రవరిలో కేంద్రం నేషనల్ రెన్యువల్ ఫండ్ పెట్టింది. మూతపడే సంస్థల కార్మికులకు కౌన్సెలింగ్, శిక్షణ, కొత్త ఉపాధి దాని ఉద్దేశం. జరిగిందేమిటంటే సొమ్ములో అధిక భాగం ప్రభుత్వ రంగ సంస్థల వీఆర్‌ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) చెల్లింపులకే పోయింది. శిక్షణ తోకలా మిగిలింది. 2000లో ఆ నిధిని ఎత్తేశారు. తర్వాత కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థల కోసం కౌన్సెలింగ్, రీట్రెయినింగ్, రీడిప్లాయ్‌మెంట్ అనే పథకం నడిపారు. డబ్బు పంచడం సులువు. చెక్కు రాస్తే పని అయిపోతుంది, ఫొటో కూడా వస్తుంది. మనిషిని ఇంకో పనిలో నిలబెట్టడానికి మాత్రం మూడు శాఖలు ఆరు నెలలు కలిసి పనిచేయాలి. అందుకే ఒకే నిధిలో పరిహారం, శిక్షణ కలిపి పెడితే పరిహారమే శిక్షణను మింగేస్తుంది. ఈసారి నియమాల్లో ఆ రెండింటికీ వేర్వేరు ఖాతాలు ఉండాలి.

ఇక నేర్చుకునే కాలంలో ఇల్లు గడవడం సంగతి. సగం శిక్షణలు ఇక్కడే కూలిపోతాయి. కోర్సు బాగా లేక మానేసేవాళ్లకంటే, నాలుగో వారంలో ఎవరో రోజుకూలికి పిలిస్తే వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. తప్పు పట్టలేం. నెల ఐదో తారీఖున ఈఎంఐ ఉంటుంది. దీనికి కొత్తగా డబ్బు వెతకనక్కర్లేదు, పాక్షికంగానైనా ఈఎస్‌ఐలోనే ఉంది. 2018 జూలైలో మొదలైన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కింద ఉద్యోగం పోయిన బీమా కార్మికుడికి 90 రోజుల వరకు, సగటు రోజు వేతనంలో సగం ఇస్తారు. మొదట పాతిక శాతమే ఉండేది, కరోనా కాలంలో 2020 మార్చి నుంచి యాభైకి పెంచారు. జీవితంలో ఒక్కసారే వాడుకోవచ్చు. 600 రోజు వేతనం మనిషికి 90 రోజులకు 27,000 వస్తుంది. పన్నెండు వారాల శిక్షణకు దాదాపు సరిపోయే కాలమిది. ఈ రెండింటినీ జతచేయాలని ఎవరికీ తట్టకపోవడమే వింత.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. క్లెయిమ్ పాసవ్వాలంటే కనీసం రెండేళ్లు బీమాలో ఉండాలి. ఉద్యోగం పోకముందు చివరి చందా కాలంలో 78 రోజులకు తగ్గకుండా చందా కట్టి ఉండాలి. అంతకుముందు మూడు చందా కాలాల్లో ఏదో ఒకదానిలో కూడా 78 రోజులుండాలి. చందా కాలమంటే ఏప్రిల్ నుంచి సెప్టెంబర్, అక్టోబర్ నుంచి మార్చి. ఆరు నెలల్లో 78 రోజులంటే నెలకు 13. మామూలుగా నడిచే ఫ్యాక్టరీలో ఇది లెక్కలోకే రాదు. కానీ మూతపడబోయే మిల్లు మామూలుగా నడవదు కదా. చివరి ఆర్నెల్లు నెలకు పది రోజులే షిఫ్టు ఇస్తుంది. పదార్లు అరవై, క్లెయిమ్ తిరస్కరణ. ఎవరికి ఈ సాయం అన్నిటికంటే ఎక్కువ అవసరమో సరిగ్గా వాళ్లే జల్లెడలోంచి జారిపోతారు. 1948 నాటి ఈఎస్‌ఐ చట్టం లే-ఆఫ్ సొమ్మును కూడా వేతనంగానే చూసింది. యజమాని ఆ సొమ్ము నిజంగా చెల్లించి, దాని మీద చందా కట్టి ఉంటే ఆ రోజులూ లెక్కకు వస్తాయి. 'పని లేదు' అని సున్నా చూపించినప్పుడే దెబ్బ. కాబట్టి మిల్లు ఒడిదొడుకుల్లో ఉందని తెలిసినప్పటి నుంచే కార్మికులు, యూనియన్లు ప్రతి నెలా ఈఎస్‌ఐ పోర్టల్‌లో తమ చందా రోజులు చూసుకోవాలి. మూతపడ్డాక చూసుకుంటే దిద్దే నాథుడు ఉండడు. పీఎఫ్‌లో 'డేట్ ఆఫ్ ఎగ్జిట్', అంటే ఉద్యోగం మానేసిన తేదీ, కూడా అంతే. యజమాని వేయకపోతే, చివరి చందా తర్వాత రెండు నెలలు ఆగి కార్మికుడే ఆన్‌లైన్‌లో వేసుకోవచ్చు. ఈ సంగతి తెలియక పాత ఫ్యాక్టరీ గేటు చుట్టూ తిరిగేవాళ్లు ఎందరో. గేటుకు తాళం, లోపల వాచ్‌మన్ ఒక్కడే.

అసలు కీలకం సమయం. రిట్రెంచ్‌మెంట్‌కు నెల రోజుల రాతపూర్వక నోటీసు, లేదా దాని బదులు జీతం ఇవ్వాలి. ప్రభుత్వానికి కూడా తెలియజేయాలి. కొత్త కోడ్ కింద 300 మంది, అంతకంటే ఎక్కువ ఉన్న ఫ్యాక్టరీలు, గనులు, తోటలకైతే మూడు నెలల నోటీసు, ముందస్తు అనుమతి కావాలి. పాత చట్టంలో ఈ హద్దు 100. ఆ నోటీసు కార్మిక శాఖ ఫైల్లోకి వెళ్లి అక్కడే పడుకుంటుంది. అమెరికాలో 1988 నాటి చట్టం ప్రకారం వందమందికి పైగా ఉన్న సంస్థలు పెద్ద తొలగింపులకు 60 రోజుల ముందు నోటీసివ్వాలి. ఆ నోటీసు అందగానే 'ర్యాపిడ్ రెస్పాన్స్' అనే బృందం ఫ్యాక్టరీకే వెళ్తుంది. తొలగింపుకు గురైనవాళ్ల కోసం వచ్చే కేంద్ర నిధుల్లో 25 శాతం వరకు ఒక్కో రాష్ట్రం దీనికోసం పక్కన పెట్టుకోవచ్చు. మన దగ్గర మిగతా సంస్థలకు ఉన్నది 30 రోజులే. ఆ ముప్పైలో పని మొదలుపెట్టకపోతే తర్వాత మనిషి దొరకడు. ఊరికి వెళ్లిపోతాడు, ఫోన్ నంబర్ మారిపోతుంది.

ఆ నెలలో జరగాల్సింది కష్టమైన పనేం కాదు. నోటీసు ప్రతి ఒకటి అదే రోజు జిల్లా ఉపాధి అధికారికి, దగ్గర్లోని ఐటీఐ ప్రిన్సిపాల్‌కు, ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసుకు వెళ్లాలి. మొదటి వారంలో ఆ ముగ్గురి మనుషులు, పీఎఫ్ వాళ్లు, బ్యాంకు వాళ్లు క్యాంటీన్‌లో బల్లలు వేసుకుని కూర్చోవాలి. షిఫ్టు మారే వేళల్లోనే, సెలవు పెట్టి రమ్మంటే ఎవరూ రారు. ఒక్కొక్కరి దగ్గరా పావుగంట చాలు. అడగాల్సింది 'మీకేం ఆసక్తి?' అని కాదు. ఏ మెషీన్ మీద, ఎన్నేళ్లు, ఏ డ్రాయింగ్ చదవగలరు, ఎంత దూరం వెళ్లగలరు, నైట్ షిఫ్టు చేయగలరా, నెలకు కట్టాల్సిన అప్పు ఎంత. ఈ చివరి ప్రశ్న మర్యాద కాదనుకుని వదిలేస్తారు. దాని జవాబే ఆ మనిషి పన్నెండు వారాలు కూర్చోగలడా, రేపే ఏదో ఒక పని చూసుకోవాలా అన్నది తేలుస్తుంది.

రెండో, మూడో వారాల్లో నైపుణ్య పరీక్ష ఫ్యాక్టరీలోనే జరగాలి. ముందే వచ్చిన నైపుణ్యానికి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి, ఆర్‌పీఎల్ అంటారు, మన నైపుణ్య పథకాల్లో ఇప్పటికే ఉంది. పదిహేనేళ్లు ఫర్నేస్ దగ్గర పనిచేసిన మనిషి చేతిలో పదో తరగతి మెమో తప్ప ఇంకో కాగితం ఉండదు. కొత్త చోట హెచ్‌ఆర్ ముందు అతను ఫ్రెషరే. అలాంటివాడికి ఆర్‌పీఎల్ కాగితం పెద్ద అండ. కానీ పరీక్ష పెట్టాలంటే మెషీన్ కావాలి. ఫ్యాక్టరీ మూసేశాక బ్యాంకు సీల్ వేస్తుంది, ఆస్తులు అమ్మిపెట్టే లిక్విడేటర్ తాళం తీయడు, మెషీన్లు తుక్కు కింద పోతాయి. అప్పుడు పరీక్ష కాగితం మీద బహుళైచ్ఛిక ప్రశ్నలతో జరుగుతుంది. చేతిలో పనున్నవాడు అందులో తప్పుతాడు, గైడు బట్టీ పట్టినవాడు నెగ్గుతాడు.

శిక్షణ ఎంతకాలమన్నది కోర్సు పుస్తకం కాదు, మనిషికీ కొత్త పనికీ మధ్య ఉన్న ఖాళీ చెప్పాలి. ఒక ఉదాహరణ. పాత లేత్ మీద ఇరవై ఏళ్లు పనిచేసిన టర్నర్‌ను సీఎన్‌సీ టర్నింగ్‌కు, అంటే కంప్యూటర్ అంకెలతో నడిచే లేత్‌కు, మార్చాలి. అతన్ని రెండేళ్ల ఐటీఐ కోర్సులో కూర్చోబెట్టడం అవమానం, డబ్బు దండగ. ఏ లోహానికి ఎంత ఫీడ్, ఎంత కోత అన్నది అతనికి చెప్పనక్కర్లేదు. టూల్ అంచు పోతోందని శబ్దం బట్టే పసిగడతాడు. మైక్రోమీటర్ చూడగలడు. లేనిదల్లా అంకెల భాష. సీఎన్‌సీలో ఎక్స్ విలువ సాధారణంగా వ్యాసాన్ని చూపిస్తుంది, పాత లేత్ మీద చాలాసార్లు ఒక పక్క కోత లెక్కన తిప్పేవాడు. ఇక్కడ మొదటి తికమక. జాబ్, అంటే కోస్తున్న ముక్క, 0.05 మిల్లీమీటర్లు లావుగా వస్తే టూల్ అరుగుదలను సరిచేసే వేర్ ఆఫ్‌సెట్‌లో మైనస్ 0.05 వేయాలి. మైనస్ మరిచిపోతే తప్పు రెట్టింపై 0.10 అవుతుంది. దశాంశ చుక్క మరిచిపోవడం ఇంకా ప్రమాదం. 'ఎక్స్50' తర్వాత చుక్క పెట్టకపోతే కొన్ని కంట్రోళ్లు దాన్ని 50 మిల్లీమీటర్లుగా కాక 50 మైక్రాన్లుగా చదువుతాయి. టూల్ నేరుగా జాబ్ మధ్యలోకి దూసుకెళ్తుంది. ఒక్క చుక్కకు కోసే ఇన్సర్ట్, దాన్ని పట్టే హోల్డర్, అదృష్టం బాగోకపోతే టూళ్లు బిగించే టర్రెట్ అలైన్‌మెంట్ కూడా పోతుంది. ఈ భయమే అనుభవమున్న టర్నర్లను సీఎన్‌సీకి దూరంగా ఉంచుతుంది. తెలివి తక్కువై కాదు. భయం పోవాలంటే మెషీన్ మీద గంటలు పడాలి, ఓపికున్న ఇన్‌స్ట్రక్టర్ పక్కన ఉండాలి.

ఆ గంటల లెక్క ఎవరూ వేయరు. ముప్పైమంది బ్యాచ్, ఒక మెషీన్, రోజుకు ఎనిమిది గంటలు. ఒక్కొక్కరికి పదహారు నిమిషాలు. అందులో చక్ బిగించడానికే సగం పోతుంది. మిగతావాళ్లు చుట్టూ నిలబడి చూస్తారు, దాన్నే హాజరు రిజిస్టర్‌లో 'ప్రాక్టికల్' అని రాస్తారు. అదే పదిమంది బ్యాచ్, రెండు షిఫ్టులు అయితే మనిషికి 96 నిమిషాలు. ప్రోగ్రాం రాయడం కంప్యూటర్‌లో సిమ్యులేటర్ మీద నేర్చుకుని, మెషీన్‌ను సెట్టింగ్‌కూ మొదటి జాబ్ కోతకూ మాత్రమే ఉంచితే పన్నెండు వారాల్లో పని వస్తుంది. కాబట్టి ప్రభుత్వం శిక్షణ సంస్థకు డబ్బు ఇచ్చేటప్పుడు తలకింత, గంటకింత అని మాత్రమే కాదు, మనిషికి కనీసం ఇన్ని మెషీన్ గంటలు అన్న షరతు రాయాలి. మెషీన్‌లోనే సైకిల్ టైం రికార్డు ఉంటుంది, సరిచూడటం కష్టం కాదు. తొలగింపుకు గురైన కార్మికుల మీద అమెరికాలో జాకబ్‌సన్, లలోండ్, సల్లివన్ అనే ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనాల్లో తేలినవి రెండు ఇక్కడ చెప్పుకోవాలి. ఏళ్ల తరబడి ఒకే చోట చేసి ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్ల ఆదాయం అయిదారేళ్లైనా సుమారు పాతిక శాతం తక్కువగానే ఉండిపోయిందని వాళ్లు 1993లో చూపించారు. తర్వాతి పనిలో, సాంకేతిక, గణిత, సైన్స్ కోర్సులు చదివినవాళ్లకు వచ్చిన లాభం మిగతా కోర్సుల కంటే బాగా ఎక్కువని తేల్చారు. ఏదో ఒక శిక్షణ చాలదన్నమాట. మన దగ్గర టైలరింగ్, బ్యూటీషియన్, డేటా ఎంట్రీలే మళ్లీమళ్లీ వస్తాయి. వాటికి గిరాకీ ఉండి కాదు, పెట్టుబడి తక్కువై.

అందరికీ శిక్షణ అక్కర్లేదు కూడా. వెల్డర్, ఎలక్ట్రీషియన్, బాయిలర్ ఆపరేటర్ సర్టిఫికెట్ ఉన్నవాడికి కావాల్సింది వారంలో నాలుగు ఇంటర్వ్యూలు, బస్సు చార్జీ, కొత్త ఊళ్లో మొదటి నెల అద్దె. అతన్ని మూడు నెలలు తరగతిలో కూర్చోబెడితే ఆ మూడు నెలలూ ఉద్యోగం వెతకడం మానేస్తాడు, చేజేతులా నష్టపరిచినట్టే. సంఖ్య చూపించుకోవాలన్న ఆత్రంలో ఈ తప్పు తరచుగా జరుగుతుంది.

వయసు హద్దు ఇంకో అడ్డంకి. దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజనలో సాధారణ పరిమితి 15 నుంచి 35 ఏళ్లు, ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన (పీఎంకేవీవై) స్వల్పకాలిక శిక్షణలో 45. ఈ పథకాలు మొదటి ఉద్యోగం కోసం చూసే కుర్రాళ్ల కోసం కట్టినవి. ఫ్యాక్టరీ మూతపడినప్పుడు రోడ్డున పడేవాళ్లలో నలభై ఎనిమిదేళ్లవాళ్లు ఎందరుంటారో ఏ యూనియన్ ఆఫీసులో అడిగినా చెబుతారు. రీస్కిల్లింగ్ ఫండ్ నియమాల్లో పై వయసు హద్దు ఉండకూడదు.

శిక్షణ సంస్థలకు డబ్బు ఎలా చెల్లిస్తామన్న దాని మీదే వాళ్ల నడవడి ఉంటుంది. 'ప్లేస్‌మెంట్' అంటే ఆఫర్ లెటర్ అని రాస్తే ఆఫర్ లెటర్లే వస్తాయి. లెటర్‌హెడ్ మీద అచ్చు వేయడానికి రెండు రూపాయలు చాలు. అలా కాక ప్రతి కార్మికుడికీ పీఎఫ్‌లో ఉండే యూఏఎన్ నంబర్‌ను ఆధారం చేసుకోవాలి. ప్రతి యజమానీ తర్వాతి నెల పదిహేనో తారీఖులోపు పీఎఫ్ చలాన్‌తో పాటు ఒక్కొక్కరి వేతనం చూపిస్తాడు. శిక్షణ ముగిశాక మూడో నెల, ఆరో నెల ఆ రికార్డులో పేరు ఉందా, వేతనం ఎంత అని కంప్యూటరే చెబుతుంది, ఇన్‌స్పెక్టర్ వెళ్లనక్కర్లేదు. ఆఖరి విడతలో గట్టి భాగం ఆరో నెల దాటాకే ఇవ్వాలి. దీనికి విరుగుడు కూడా సంస్థలకు తెలుసు. సులువుగా ఉద్యోగం దొరికే పాతికేళ్ల కుర్రాళ్లను మాత్రమే చేర్చుకుంటారు. అందుకని నలభై అయిదు దాటినవాళ్లను, మహిళలను నిలబెట్టినందుకు ఎక్కువ రేటు పెట్టాలి. పీఎఫ్ లేని చిన్న వర్క్‌షాపులు, సొంత దుకాణం పెట్టుకున్నవాళ్లు ఈ లెక్కలోకి రారు. వాళ్లకు బ్యాంకు ఖాతా స్టేట్‌మెంటో, యంత్రం కొన్న బిల్లో విడిగా చూడాలి. అక్కడ కొంత మోసం తప్పదు, ఒప్పుకోవాలి.

యజమానుల వైపు నుంచి కూడా ఒకటి. కొత్తగా చేర్చుకున్న మనిషి మొదటి మూడు నెలలు తక్కువ ఉత్పత్తి ఇస్తాడు, తుక్కు ఎక్కువ చేస్తాడు. ఆ నష్టం భరించలేక చిన్న యూనిట్లు వెనక్కి తగ్గుతాయి. ఆ మూడు నెలల జీతంలో సగం ప్రభుత్వం భరిస్తే తరగతి గది కంటే చవకగా, త్వరగా పని వస్తుంది. అమెరికా చట్టంలో ఉద్యోగంలోనే శిక్షణకు మామూలుగా సగం వరకు, కొన్ని సందర్భాల్లో 75 శాతం వరకు వెనక్కి ఇస్తారు. జర్మనీలో పద్ధతి వేరు. తీసేయబోయేవాళ్లను పన్నెండు నెలల వరకు ఒక ట్రాన్స్‌ఫర్ కంపెనీలోకి మారుస్తారు. ఆ కాలంలో నికర జీతంలో 60 శాతం, పిల్లలున్నవాళ్లకు 67 శాతం నిరుద్యోగ బీమా నుంచి వస్తుంది. మనిషి ఒక్కరోజు కూడా నిరుద్యోగిగా నమోదు కాడు, శిక్షణ, ఉద్యోగ వేట అక్కడే జరుగుతాయి. అంత బీమా వ్యవస్థ మనకు లేదు. కానీ చివరి రోజుకు ముందే కొత్త దారి మొదలవ్వాలన్న సూత్రానికి పెద్దగా డబ్బు అక్కర్లేదు.

డబ్బు లెక్క కూడా చూద్దాం. 500 మంది తొలగింపు, సగటు జీతం 18,000 అనుకుందాం. అందరూ అర్హులైతే ఈఎస్‌ఐ భృతి తలకు 27,000 చొప్పున కోటీ 35 లక్షలు, అది రాష్ట్రం జేబులోంచి పోదు. యజమాని కట్టే 15 రోజుల జీతం 45 లక్షలు, అది నేరుగా కార్మికుడికే. రాష్ట్రం కొత్తగా పెట్టాల్సింది శిక్షణ, పరీక్ష, రవాణా, జీతంలో వాటా. తలకు సగటున 20,000 వేసుకుంటే కోటి రూపాయలు. అందరికీ శిక్షణ అక్కర్లేదు కాబట్టి అంతకంటే తక్కువే కావచ్చు. చందా రోజులు చాలక ఈఎస్‌ఐ కాదన్నవాళ్లకూ, 21,000 జీతం హద్దు దాటి ఈఎస్‌ఐలోనే లేనివాళ్లకూ అదే భృతి రాష్ట్ర ఖాతా నుంచి ఇవ్వాలి. ఇది దానికి అదనం.

నిధి పెట్టడంతోనే పని అయిపోదని చెప్పడానికి నిర్మాణ కార్మికుల సెస్సు చాలు. 1996 చట్టం కింద నిర్మాణ ఖర్చులో ఒక శాతం వసూలు చేస్తూ వచ్చారు. చాలా రాష్ట్రాల్లో ఆ సొమ్ము ఏళ్ల తరబడి బ్యాంకుల్లో పేరుకుపోయింది, సుప్రీంకోర్టు గట్టిగా మందలించాల్సి వచ్చింది. కారణం డబ్బు లేక కాదు, ఎవరు ఎప్పుడు ఎవరికి ఇవ్వాలో నియమంలో స్పష్టంగా లేక.

కాబట్టి మేం అడిగేది పెద్ద ప్రకటనలు కాదు, నియమాల్లో నాలుగు వాక్యాలు. రిట్రెంచ్‌మెంట్ నోటీసు అందిన ఏడు రోజుల్లో ఫ్యాక్టరీలో శిబిరం పెట్టే బాధ్యత ఫలానా అధికారిదని పేరు లేకపోయినా హోదా రాయండి. శిక్షణ ఖాతాను పరిహార ఖాతా నుంచి విడదీయండి. కొద్దిమంది చొప్పున విడతలుగా రాజీనామాలు తీసుకునే సంస్థలు తప్పించుకుంటాయి కాబట్టి, మూడు నెలల వ్యవధిలో వచ్చిన రాజీనామాలను కలిపి లెక్కించి, అవి మామూలు స్థాయిని మించితే కార్మిక శాఖ విచారించాలని చేర్చండి. నోటీసు ఫారంలో కార్మికుల పేర్ల పట్టిక పక్కన ఇంకో మూడు గడులు గీయండి: యూఏఎన్, చివరి రెండు చందా కాలాల్లో ఈఎస్‌ఐ రోజులు, పనిచేసిన మెషీన్.

ఇట్లు,
పారిశ్రామిక శిక్షణ, కార్మిక సంక్షేమ రంగాల్లో పనిచేస్తున్న కొందరు పాఠకులు